1865లో కరోలినాల మీదుగా షెర్మన్ సైన్యం నడక: ఓడలు ఉండగా బురదలో ఎందుకు నడిచారు?

క్యారీ_వాసు
నార్త్ కరోలినాలో ఇల్లు కొనుక్కుని స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి బెంటన్‌విల్ యుద్ధభూమి కారులో గంట దూరం కూడా ఉండదు. అయినా అక్కడ ఏం జరిగిందని అడిగితే చెప్పగలిగిన వారు నాకు కనబడలేదు. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో అమెరికా అంతర్యుద్ధం 1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపొమాటక్స్‌లో దక్షిణాది (కాన్ఫెడరేట్) సేనాపతి లీ లొంగిపోవడంతో ముగిసిపోతుంది. దానికంటే పెద్ద లొంగుబాటు ఏప్రిల్ 26న డర్హమ్ పక్కన ఒక చిన్న రైతు ఇంట్లో జరిగింది. దానికి ముందు ఉత్తరాది (యూనియన్) సేనాపతి షెర్మన్ వెంట 60 వేల మంది సైన్యం జార్జియాలోని సవానా రేవు నుంచి నార్త్ కరోలినాలోని గోల్డ్స్‌బరో దాకా చలికాలపు వానల్లో నడిచింది. పుస్తకంలో ఈ మొత్తానికి దక్కిన చోటు ఒక్క వాక్యం.

నా ప్రశ్నలు రెండు. సముద్రం, ఓడలు చేతిలో ఉండగా షెర్మన్ తన సైన్యాన్ని చిత్తడి నేలల గుండా ఎందుకు నడిపించాడు? ఆ నడకకు నిజమైన సైనిక ప్రయోజనం ఉందా, లేక సౌత్ కరోలినా మీద కక్ష తీర్చుకోవడమే అసలు ఉద్దేశమా?

రవళి_చరిత్ర
మీ మొదటి ప్రశ్న యూనియన్ సేనలన్నిటికీ అధిపతి అయిన గ్రాంట్‌కూ షెర్మన్‌కూ మధ్య నిజంగానే నడిచిన చర్చ. 1864 డిసెంబర్ 21న సవానా చేజిక్కిన తరువాత, షెర్మన్ సైన్యాన్ని ఓడల మీద వర్జీనియాకు రప్పించి పీటర్స్‌బర్గ్ ముందు లీ మీద ప్రయోగించాలని గ్రాంట్ మొదట అనుకున్నాడు. అంతమందినీ గుర్రాలతో, బండ్లతో సహా తరలించడానికి సరిపడా ఓడలు సమకూరాలంటే చాలా కాలం పడుతుందని తేలింది. తాను నేల మీదుగానే వస్తే దారిలోని రైలు మార్గాలన్నీ ధ్వంసమవుతాయని, లీ సైన్యానికి దక్షిణం నుంచి అందే తిండి, మందుగుండు ఆగిపోతాయని షెర్మన్ వాదించి గ్రాంట్‌ను ఒప్పించాడు.

పీటర్స్‌బర్గ్ కందకాల్లో ఉన్న లీ సైన్యం అప్పటికే అర్ధాకలితో ఉందన్న సంగతి మరచిపోకూడదు. 1865 జనవరి 15న ఫోర్ట్ ఫిషర్ కోట యూనియన్ చేతికి చిక్కడంతో విల్మింగ్టన్ రేవు మూతపడింది. సముద్రం వైపు నుంచి సరుకు వచ్చే చివరి పెద్ద ద్వారం అదే. ఇక లీకి మిగిలింది కరోలినాల లోపలి భూములు, వాటి మీదుగా పోయే రైళ్లు మాత్రమే, షెర్మన్ వచ్చి పడింది సరిగ్గా వాటి మీద.

సాపర్_నాయుడు
నేను మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఈ దండయాత్రను యుద్ధాల పట్టికగా చదివితే అసలు సంగతి చేతికి అందదు, దీన్ని బాటల పనిగా చదవాలి. షెర్మన్ వెంట సుమారు 2,500 బండ్లు ఉన్నాయి, ఒక్కో బండికి ఆరు కంచరగాడిదలు. వీటికి తోడు 600 ఆంబులెన్సులు, 68 ఫిరంగులు. కోర్‌లనే నాలుగు పెద్ద సైనిక విభాగాలకూ పంచితే ఒక్కో కోర్ బండ్ల వరుస సుమారు ఐదు మైళ్ల బాటను ఆక్రమించేది. సాల్కహాచీ నది పరిసరాల్లో వానాకాలపు నేల ఎటువంటిదంటే, పైన గట్టిగా కనిపించే పొర పది బండ్ల బరువుకు చిట్లిపోయి, పదకొండవ బండి ఇరుసు దాకా దిగబడుతుంది.

దానికి వారు చేసిన పని చెబుతాను. ముందు నడిచే పటాలం తుపాకులు పక్కన పెట్టి గొడ్డళ్లు పట్టింది. బాటకు ఇరువైపులా ఉన్న పైన్ చెట్లను నరికి, దుంగలను బాటకు అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి పరిచి, దొరికిన చోట వాటిని నిలువునా చీల్చి చదును వైపు పైకి పెట్టి, కదలకుండా అంచుల వెంట పొడవాటి దుంగలు బిగించి, పైన మట్టో కొమ్మలో కప్పేవారు. ఆ బాట శాశ్వతం కాదు. మొదటి కోర్ దాటేసరికి దుంగలు బురదలో కుంగిపోయేవి, వెనుక వచ్చేవారు వాటి మీద ఇంకొక వరుస పరిచేవారు. ఇలా రోజుకు పది పన్నెండు మైళ్లు నడవడమంటే ఎంత పనో బురదలో బండిని తోసినవాడికే తెలుస్తుంది. నదుల దగ్గర కొయ్య చట్రాలకు కిత్తాన్ గుడ్డ బిగించిన పడవలను బండ్ల మీద మోసుకొచ్చి, వాటి మీద పలకలు పరిచి వంతెన వేసేవారు. ఇంజనీర్ల పని అయ్యేదాకా సేనాపతి ఎంతటివాడైనా గట్టున నిలబడి ఎదురు చూడవలసిందే.

ఈ నేల మీద చలికాలంలో సైన్యం నడవడం అసాధ్యమని ఎదుటి పక్షపు సేనాపతి జాన్‌స్టన్‌కు ఇంజనీర్లు చెప్పారు. అది సాధ్యమైందని తెలిసినప్పుడు, జూలియస్ సీజర్ కాలం తరువాత ఇటువంటి సైన్యం పుట్టలేదని తాను నిశ్చయించుకున్నట్లు జాన్‌స్టన్ తరువాత చెప్పాడు. శత్రువు నోట వచ్చిన ఆ మాట కంటే పెద్ద మెప్పు నాకు తెలియదు.

గోదావరి_గట్టు
నాయుడు గారు వంతెనల గురించి చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. నదులు పొంగినప్పుడు ఆ గుడ్డ పడవల వంతెనలు నిలిచేవా? వరదలో గోదావరి వడి చూసినవాడిగా నాకు నమ్మశక్యంగా లేదు.

సాపర్_నాయుడు
అన్నిసార్లూ నిలవలేదు. ఫిబ్రవరి చివరి వారంలో రాకీ మౌంట్ దగ్గర కటాబా నది పొంగి వంతెన తెగిపోయింది. అప్పటికి సగం మంది దాటారు, పద్నాలుగవ కోర్ ఇవతలి గట్టున కొన్ని రోజులు చిక్కుబడిపోయింది. ఆ రోజుల్లో శత్రువు గట్టి బలంతో వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది.

పటాల_ప్రియుడు
శత్రువు అలా రాలేకపోవడానికి కారణం షెర్మన్ నడక తీరే. సైన్యాన్ని రెండు రెక్కలుగా విడదీశాడు. ఎడమ రెక్కను స్లోకమ్, కుడి రెక్కను హోవార్డ్ నడిపారు, అశ్వికదళం కిల్పాట్రిక్ కింద ఉంది. ఎడమ రెక్క అగస్టా మీదికి వెళుతున్నట్లు, కుడి రెక్క చార్ల్స్టన్ మీదికి వెళుతున్నట్లు కనిపించాయి. అగస్టాలో మందుగుండు కర్మాగారం ఉంది. చార్ల్స్టన్ అంటే యుద్ధం మొదలైన చోటు, దాన్ని వదులుకోవడానికి ఎవరికీ మనసు ఒప్పదు. దాంతో కాన్ఫెడరేట్లు తమకున్న కొద్దిమందినీ రెండు చోట్లా పంచుకున్నారు. షెర్మన్ ఆ రెండు నగరాలనూ ముట్టకుండా నడిమధ్య నుంచి సౌత్ కరోలినా రాజధాని కొలంబియా చేరాడు. లోపలి రైళ్లు తెగిపోవడంతో చార్ల్స్టన్‌ను ఫిబ్రవరి 17 రాత్రి వాళ్లంతట వాళ్లే ఖాళీ చేశారు.

దారిలో ఎదురైన గట్టి ప్రతిఘటన ఫిబ్రవరి 2, 3 తేదీల్లో రివర్స్ బ్రిడ్జి దగ్గర. సుమారు 1,200 మంది కాన్ఫెడరేట్లు సన్నటి గట్టుబాటకు ఎదురుగా ఫిరంగులు పెట్టుకుని కాచుకున్నారు. యూనియన్ సైనికులు ఆ బాట మీద చావడం మాని, తుపాకులూ తూటాల సంచులూ తలల మీద పెట్టుకుని భుజాల లోతు చల్లటి నీళ్లలో అడవి గుండా నడిచి పక్క నుంచి చేరారు. వారు ఆవలి గట్టు ఎక్కేసరికి ఆ కోట విలువ పోయింది.

కొలంబియా_శారద
ఇంతవరకు చదివిన వాటిలో ఎవరూ కొలంబియాలో బతుకుతున్న మనుషుల గురించి ఒక్క మాట రాయలేదు. నేను ఈ ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నాను. ఫిబ్రవరి 17న సైన్యం ఊళ్లోకి వచ్చింది, ఆ రాత్రే ఊరిలో మూడో వంతు కాలిపోయింది. కన్యాస్త్రీల మఠం కాలింది, అందులో చదువుకుంటున్న ఆడపిల్లలు చర్చి ఆవరణలో రాత్రంతా చలిలో కూర్చున్నారు. కట్టడం పూర్తికాని రాష్ట్ర శాసనసభ భవనం గోడ మీద ఫిరంగి గుండ్ల దెబ్బలను గుర్తించేందుకు అమర్చిన కంచు నక్షత్రాలు ఈనాటికీ ఉన్నాయి. యుద్ధానికి మొదటి నిప్పు పెట్టిన రాష్ట్రమనే కోపం సైనికుల మనసుల్లో ఉండవచ్చు, సౌత్ కరోలినా 1860 డిసెంబర్ 20న అందరికంటే ముందు విడిపోయిన మాటా నిజమే. అయితే ఆ తీర్మానం మీద సంతకాలు చేసిన వారు వేరు, ఆ రాత్రి పిల్లలను ఎత్తుకుని వీధుల్లో పరుగెత్తిన తల్లులు వేరు.

దారిలో బార్న్‌వెల్ అనే ఊరిని తగలబెట్టి, దాని పేరును కాలిన ఊరని అర్థం వచ్చేలా మార్చి నవ్వుకున్నారు. దాన్ని బాటల పని అనలేము.

రవళి_చరిత్ర
శారద గారి బాధ న్యాయమైనది. బార్న్‌వెల్ విషయంలో ఎవరూ సమర్థించుకోవడానికి ఏమీ లేదు. కొలంబియా విషయంలో మాత్రం నిప్పు ఎవరు పెట్టారన్నది ఒక్క ముక్కలో తేలేది కాదు. ఊరు వదిలి వెళ్లే ముందు కాన్ఫెడరేట్లు పత్తి బేళ్లను వీధుల్లోకి లాగించారు. వాటిని తామే కాల్చామని కొందరు, కాల్చలేదని కాన్ఫెడరేట్ అశ్వికదళ సేనాపతి వేడ్ హాంప్టన్ చెప్పారు. ఆ రోజు గాలి భయంకరంగా వీచింది, ఊడిన పత్తి ఎగిరి చెట్లకూ కప్పులకూ చుట్టుకుంది. ఊళ్లో సారాయి నిలవలు చాలా ఉన్నాయి, వచ్చిన సైనికుల్లో చాలామంది తాగి నిప్పు పెట్టారు, మరికొందరు రాత్రంతా ఆ మంటలను ఆర్పారు. షెర్మన్ కాల్చమని ఆజ్ఞ ఇచ్చాడనడానికి ఆధారం లేదు. యుద్ధం తరువాత బ్రిటిష్ పౌరులు తమ పత్తికి పరిహారం అడిగినప్పుడు, ఆ దావాలను విచారించిన ఉమ్మడి కమిషన్ ఇరుపక్షాల్లో ఏ ఒక్కరి ఆజ్ఞ వల్లా ఆ దహనం జరగలేదని తేల్చింది.

ఓరుగల్లు_సంపత్
రవళి గారూ, ఆజ్ఞ లేదన్న మాటతో బాధ్యత తీరిపోతుందని నేను అనుకోను. తాగిన సైనికుడిని అదుపులో పెట్టవలసింది అధికారే. పైగా పల్లెల్లో జరిగినదానికి గాలిని కారణంగా చూపలేము. 60 వేల మంది ఇరవై రోజుల తిండి, ఏడు రోజుల మేత మాత్రమే వెంట తెచ్చుకుని బయలుదేరారంటే, మిగతాది దారిలోని ఇళ్ల నుంచి తీసుకోవాలని ముందే నిర్ణయమైందన్నమాట. ప్రతి పటాలం నుంచి తిండి సేకరించే జట్లు తెల్లవారుజామునే బయలుదేరి, సాయంత్రానికి బండ్ల నిండా మొక్కజొన్న, పంది మాంసం, చిలగడదుంపలు, కోళ్లతో తిరిగి వచ్చేవి. వారికి బమ్మర్లు అనే పేరు పడింది. తోటలో కొత్తగా తవ్విన మట్టి ఎక్కడ కనబడినా తుపాకీ కూరే కడ్డీతో గుచ్చి చూసేవారు. కింద పెట్టె తగిలితే ఆ ఇంటి వెండి, ఉప్పు, పొగబెట్టిన మాంసం అన్నీ పోయేవి.

మా నానమ్మ 1948 నాటి సంగతులు చెప్పేటప్పుడు, ఏ పక్షం గుర్రాలు ఊళ్లోకి వచ్చినా ఆడవాళ్లు ముందు పాతర మూత మీద పేడ అలికి పైన పొయ్యి పెట్టేవారని చెప్పేది. పాతర పోతే ఆ సంవత్సరమంతా పస్తులే. కరోలినా పల్లెల్లో ఆ చలికాలంలో అదే జరిగింది, అందుకే నాకు ఆ సైన్యం నడకను మెచ్చుకునే మనసు రావడం లేదు.

కొలంబియా_శారద
సంపత్ గారు చెప్పిన పాతర సంగతి చదివి నాకు కళ్లు చెమర్చాయి. ఒక్క మాట చేర్చాలి. దోచుకున్నది యూనియన్ సైనికులు మాత్రమే కాదు. వీలర్ నడిపిన కాన్ఫెడరేట్ అశ్వికులు కూడా తమ సొంత జనం దగ్గర గుర్రాలను, ధాన్యాన్ని లాక్కున్నారని ఇక్కడి పాత ఉత్తరాలు, ఫిర్యాదులు చెబుతాయి.

అట్లాంటా_సుజాత
పాతర ఎవరిదో కూడా అడగాలి. సౌత్ కరోలినాలో ఆనాడు జనాభాలో సగానికి పైగా బానిసలే. ఆ మొక్కజొన్న పండించినది, ఆ పందులను మేపినది, ఆ వెండిని యజమాని చెప్పిన చోట పాతిపెట్టినది వాళ్లే. సైన్యం వస్తోందని తెలిసినప్పుడు వాళ్లు ఇళ్లు వదిలి పిల్లలతో, మూటలతో, కొందరు యజమాని బండ్లతోనే వచ్చి ఆ దండు వెనుక నడిచారు. ఈ నడకలో అందరికంటే ఎక్కువగా ఆశ పెట్టుకున్నది వాళ్లు, మన చర్చలో ఇంతవరకు కనబడనిది కూడా వాళ్లే.

వాళ్లకు దక్కినది మాత్రం కలగాపులగం. జార్జియాలో 1864 డిసెంబర్ 9న ఎబినీజర్ వాగు దగ్గర, తన సైనికులు దాటగానే వెనుక వస్తున్న బానిస కుటుంబాలను ఆవలి గట్టున వదిలేసి జనరల్ జెఫర్సన్ డేవిస్ వంతెన తీయించాడు. కాన్ఫెడరేట్ అధ్యక్షుడికీ ఈయనకూ పేరు ఒకటే, ఈయన యూనియన్ అధికారి. వెనుక వీలర్ అశ్వికులు, ముందు చల్లటి నీళ్లు. దూకినవారిలో చాలామంది మునిగిపోయారు. ఆ వార్త వాషింగ్టన్‌లో కలకలం రేపింది. యుద్ధ శాఖ మంత్రి స్టాంటన్ స్వయంగా సవానా వచ్చి నల్లజాతి మతగురువులతో సమావేశమయ్యాడు. మీకేం కావాలని అడిగితే భూమి కావాలని వారు చెప్పారు. దాని ఫలితమే 1865 జనవరి 16న షెర్మన్ జారీ చేసిన 15వ నంబరు ప్రత్యేక ఉత్తర్వు. చార్ల్స్టన్ నుంచి దక్షిణాన ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది వరకు ఉన్న ద్వీపాలు, తీరపు పొలాలు విముక్తుల కుటుంబాలకు నలభై ఎకరాలకు మించకుండా పంచాలని అందులో ఉంది.

షెర్మన్ దీన్ని దయతో చేశాడని నేను అనను. దండు వెనుక వచ్చే జనాన్ని ఎక్కడో ఒకచోట దింపుకోవాలన్నది అతని అవసరం. మార్చిలో ఫాయట్‌విల్ చేరిన తరువాత కూడా నల్లవారు, తెల్లవారు కలిసిన ఆ జనాన్ని కేప్ ఫియర్ నది వెంట విల్మింగ్టన్‌కు పంపించేశాడు. వాళ్లు 20 వేల నుంచి 30 వేల మంది ఉంటారని అతని అంచనా, పనికిరాని నోళ్లని అతని మాట.

గోదావరి_గట్టు
షెర్మన్ సైన్యంలో నల్లజాతి పటాలాలు ఉండేవా?

అట్లాంటా_సుజాత
తన దండులో వాళ్లను పోరాట పటాలాలుగా తీసుకోవడానికి షెర్మన్ ఇష్టపడలేదు. నాయుడు గారు చెప్పిన దుంగల బాటల్లో చాలా పని చేసినది మాత్రం దారిలో చేరిన నల్లజాతి కూలి జట్లే. వేరే సేనాపతుల కింద నల్లజాతి పటాలాలు అప్పటికే ముందు వరుసలో ఉన్నాయి. చార్ల్స్టన్ ఖాళీ అయినప్పుడు మొదట అడుగుపెట్టిన వాటిలో 21వ నల్లజాతి పటాలం ఒకటి, ఆ వెంటనే 55వ మసాచుసెట్స్ పటాలం పాడుకుంటూ ఆ వీధుల్లో నడిచింది. బానిసల వేలం జరిగిన నగరంలోకి బానిసగా పుట్టినవాళ్లు తుపాకులతో నడిచి వచ్చిన ఆ రోజు, నాకు ఈ యుద్ధమంతటిలోకీ గొప్పది.

పటాల_ప్రియుడు
వాసు గారు అడిగిన బెంటన్‌విల్ దగ్గరికి వస్తాను. ఫిబ్రవరి చివరలో లీ జాన్‌స్టన్‌ను మళ్లీ పిలిచి, మిగిలిన సేనలన్నిటినీ కూడగట్టమన్నాడు. టెనెసీ సైన్యంలో మిగిలిన ముక్కలు, చార్ల్స్టన్ నుంచి వెనక్కి వచ్చిన హార్డీ సేన, హాంప్టన్ అశ్వికులు, నార్త్ కరోలినా కుర్రాళ్ల జట్లు అన్నీ కలిపితే సుమారు 20 వేల మంది. షెర్మన్ రెండు రెక్కలు ఒకదానికొకటి దూరంగా నడుస్తున్నాయి కాబట్టి, ఒక్క రెక్కను పట్టి రెండోది వచ్చేలోగా విరగ్గొట్టాలన్నది జాన్‌స్టన్ పథకం. మార్చి 16న అవెరాస్‌బరో దగ్గర హార్డీ ఒక రోజంతా స్లోకమ్‌ను ఆపి, ఆ రెక్కల మధ్య దూరం పెరిగేలా చేశాడు.

మార్చి 19న కోల్ తోట పొలాల్లో స్లోకమ్ ఎదురుగా ఉన్నది అశ్వికులే అనుకుని ముందుకు పోయాడు. అడవిలోంచి మొత్తం సైన్యం పైకి లేచింది. ఎడమ పక్క డివిజన్ చెల్లాచెదరైంది. అడవి లోపల నిలిచిన మోర్గన్ డివిజన్ ముందు నుంచీ వెనుక నుంచీ దాడికి గురై, అడ్డుకట్టకు ఒకసారి ఇటు వైపు, ఒకసారి అటు వైపు దూకి కాల్చింది. అది విరిగి ఉంటే ఆ రోజు ఫలితం మారేదని నా అభిప్రాయం. సాయంత్రానికి వరుస నిలిచింది, మరునాడు హోవార్డ్ రెక్క చేరింది, 21 రాత్రి జాన్‌స్టన్ వెనక్కి మళ్లాడు. నష్టం యూనియన్ వైపు సుమారు 1,500, కాన్ఫెడరేట్ వైపు సుమారు 2,600. చివరి రోజు దాడిలో హార్డీ కొడుకు పడిపోయాడు, ఆ కుర్రాడికి పదహారేళ్లు. ఆ ఉదయమే సైన్యంలో చేరడానికి తండ్రి అయిష్టంగా ఒప్పుకున్నాడు.

రాలీ_పద్మ
బెంటన్‌విల్‌లోని హార్పర్ ఇల్లు తప్పక చూడాలి. కింది గదులను పద్నాలుగవ కోర్ వైద్యులు శస్త్రచికిత్స గదులుగా మార్చారు, ఇంటివాళ్లు పిల్లలతో మేడ మీద ఉన్నారు. ఐదు వందలకు పైగా గాయపడినవారిని అక్కడ చూశారు. సైన్యం వెళ్లిపోయాక నడవలేని కాన్ఫెడరేట్ క్షతగాత్రులను అక్కడే వదిలేశారు. హార్పర్ దంపతులే వాళ్లకు సేవ చేశారు, చనిపోయినవారిని ఇంటి పక్కన పూడ్చారు.

వర్జీనియా_కిరణ్
మీరందరూ షెర్మన్ నడకకు ఇవ్వవలసినదానికంటే ఎక్కువ ఇస్తున్నారని నా అభిప్రాయం. యుద్ధం ముగిసింది లీ సైన్యం పోవడం వల్ల, లీ సైన్యం పోయింది గ్రాంట్ వెంటాడడం వల్ల. ఏప్రిల్ 2న పీటర్స్‌బర్గ్ వరుస తెగింది, మరునాడు కాన్ఫెడరేట్ రాజధాని రిచ్‌మండ్ పోయింది. లీ అమీలియా కోర్ట్ హౌస్ చేరేసరికి అక్కడ ఉండవలసిన తిండి లేదు. పల్లెల్లో బండ్లు తిప్పి ధాన్యం వెతకడంలో ఒక రోజు పోయింది, ఆ ఒక్క రోజే గ్రాంట్ అశ్వికదళ సేనాపతి షెరిడన్‌కు చాలింది. ఏప్రిల్ 6న సెయిలర్స్ క్రీక్ దగ్గర లీ సైన్యంలో దాదాపు నాలుగో వంతు పోయింది. అపొమాటక్స్ ముందు రాత్రి యూనియన్ పదాతిదళం, అందులో నల్లజాతి పటాలాలతో సహా, నిద్ర లేకుండా ముప్పై మైళ్ల దాకా నడిచి తెల్లవారేసరికి లీ దారికి అడ్డంగా నిలిచింది. నడక గురించే మాట్లాడుకుంటే, ఆ రాత్రి నడకకు మించినది ఈ యుద్ధంలో లేదు.

రవళి_చరిత్ర
కిరణ్ గారూ, ఆ రాత్రి నడక గొప్పతనాన్ని ఒప్పుకుంటాను. అయితే అమీలియాలో లీ ఎటు పోవాలని చూస్తున్నాడో గమనించండి. డాన్‌విల్ మీదుగా నార్త్ కరోలినాకు దిగి జాన్‌స్టన్‌తో కలవాలన్నదే అతని ప్రయత్నం. ఆ జాన్‌స్టన్‌ను అప్పటికే షెర్మన్ బెంటన్‌విల్‌లో విరగ్గొట్టి, మార్చి 23 నాటికి గోల్డ్స్‌బరోలో మరో యూనియన్ సేనాపతి స్కోఫీల్డ్ సేనతో కలిసి దాదాపు 90 వేల మందితో కూర్చున్నాడు. లీకి చేరడానికి చోటే లేకుండా పోయింది. ఇంకొకటి, ఫిబ్రవరిలోనే లీ తన సైన్యంలోని నార్త్ కరోలినా సైనికులు రాత్రుళ్లు పారిపోతున్నారని, ఇంటి నుంచి వచ్చే ఉత్తరాలే అందుకు కారణమని గవర్నర్ వాన్స్‌కు రాశాడు. ఇంటి మీదికి సైన్యం వస్తోందని భార్య రాస్తే కందకంలో ఎవడు నిలుస్తాడు?

వర్జీనియా_కిరణ్
ఉత్తరాల సంగతి ఒప్పుకుంటున్నాను. గ్రాంట్ పట్టు వదిలి ఉంటే లీ ఆ పారిపోయేవారు పోగా మిగిలినవారితోనైనా దిగి ఉండేవాడన్నది మాత్రం వదలను.

గుంటూరు_పత్తి
కొలంబియాలో పత్తి కాలిందన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. దక్షిణాది రేవులు మూతపడిన నాలుగేళ్లూ ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి. బళ్లారి, కర్నూలు, కడప నల్లరేగళ్ల రైతులు ఎన్నడూ చూడని ధర చూశారు. లీ లొంగుబాటు వార్త 1865లో చేరగానే బొంబాయి పత్తి బజారు కుప్పకూలి, దాని మీద కట్టిన బ్యాంకులు, వాటాల కంపెనీలు దివాళా తీశాయి. ఆ పైధరను నమ్మి అప్పు చేసిన రైతుకు చివరికి అప్పే మిగిలింది. ఆ యుద్ధం చివరి నెలలు మనకు సంబంధం లేనివి కావని చెప్పడానికే ఇది రాశాను.

రాలీ_పద్మ
మా ఊరి సంగతి కూడా చేర్చాలి. ఏప్రిల్ 13న షెర్మన్ రాలీ చేరాడు, ఊరు పోరాటం లేకుండా లొంగింది. 17న జాన్‌స్టన్‌ను కలవడానికి రైలు ఎక్కబోతుండగా తంతి వచ్చింది, లింకన్‌ను చంపారని. ఎవరికీ చెప్పవద్దని తంతి పనివాడికి ఆజ్ఞాపించి, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాడు. వాసు గారు చెప్పిన డర్హమ్ పక్కన రైతు బెనెట్ ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు దాన్ని జాన్‌స్టన్‌కు చూపించాడు, జాన్‌స్టన్ నుదుటి మీద చెమట పట్టిందని షెర్మన్ తరువాత రాశాడు. ఆ రాత్రి వార్త సైనికులకు తెలిసి, రాలీని తగలబెడతామని గుంపులుగా కదిలారు. జనరల్ లోగన్ వారికి అడ్డంగా నిలిచి, వెనక్కి మళ్లకపోతే ఫిరంగులు పేలుస్తానని బెదిరించి ఆపాడు. శారద గారూ, కొలంబియాకు లేని అదృష్టం మా ఊరికి ఆ ఒక్క రాత్రి దక్కింది. అధికారి తలచుకుంటే ఆపగలడన్న సంపత్ గారి మాటకు ఇది బలమే ఇస్తుంది.

ఇంటి యజమాని జేమ్స్ బెనెట్ ఇద్దరు కొడుకులనూ, అల్లుడినీ ఆ యుద్ధం కాలంలోనే పోగొట్టుకున్న రైతు. ఇల్లు 1921లో కాలిపోయింది, ఇప్పుడు కనబడేది తరువాత తిరిగి కట్టినది.

పటాల_ప్రియుడు
అక్కడ జాన్‌స్టన్ చేసినది తక్కువగా చెప్పుకుంటారు. షెర్మన్ మొదట ఇచ్చిన ఉదారమైన షరతులను వాషింగ్టన్ తిరస్కరించింది, గ్రాంట్ స్వయంగా రాలీ వచ్చి ఆ మాట చెప్పాడు. అప్పుడు పదాతిదళాన్ని చెదరగొట్టి, గుర్రాలున్నవారితో దక్షిణానికి తప్పించుకోమని కాన్ఫెడరేట్ అధ్యక్షుడు డేవిస్ నుంచి జాన్‌స్టన్‌కు ఆదేశం వచ్చింది. దాన్ని పాటించి ఉంటే కొండల్లోనూ అడవుల్లోనూ ఏళ్ల తరబడి గెరిల్లా యుద్ధం సాగేది. జాన్‌స్టన్ ఆ ఆదేశాన్ని కాదని ఏప్రిల్ 26న సంతకం చేశాడు. కరోలినాలు, జార్జియా, ఫ్లోరిడాల్లోని దాదాపు 89 వేల మంది ఆ సంతకంతో ఆయుధాలు దించారు. షెర్మన్ ఆ ఆకలి సైన్యానికి తిండి, ఇంటికి వెళ్లడానికి బండ్లు, గుర్రాలు ఇచ్చాడు. 1891లో షెర్మన్ చనిపోయినప్పుడు అంత్యక్రియల్లో పాడె దగ్గర నడిచినవారిలో జాన్‌స్టన్ ఉన్నాడు.

ఓరుగల్లు_సంపత్
సేనాపతులు ఒకరినొకరు గౌరవించుకున్నారు, సంతోషమే. సుజాత గారు చెప్పిన ఆ నలభై ఎకరాలు చివరికి ఏమయ్యాయి?

అట్లాంటా_సుజాత
సుమారు 40 వేల మంది ఆ తీరపు భూముల్లో స్థిరపడి ఒక పంట వేసుకున్నారు. లింకన్ తరువాత వచ్చిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకు క్షమాభిక్ష ఇచ్చి, భూములు తిరిగి అప్పగించమన్నాడు. ఆ మాట చెప్పడానికి 1865 అక్టోబర్‌లో ఎడిస్టో ద్వీపానికి పంపినది ఎవరినో తెలుసా? ఈ దండయాత్రలో కుడి రెక్కను నడిపించిన హోవార్డ్‌నే. అతను అప్పటికి విముక్తులైన బానిసల బాగోగులు చూసే ప్రభుత్వ విభాగం, విముక్తుల బ్యూరోకు అధిపతి. చర్చి నిండా జనం కూర్చున్నారు. భూమి మీది కాదని అతను చెప్పలేక చెప్పినప్పుడు వద్దు, వద్దు అన్న కేకలు లేచాయి. తమను కొరడాతో కొట్టినవాడి దగ్గరే కూలికి వెళ్లమంటున్నారా అని వాళ్ల సంఘం అతనికి ఉత్తరం రాసింది. అధ్యక్షుడికి కూడా విన్నపం పంపారు. భూమి మాత్రం దాదాపుగా మొత్తం వెనక్కి పోయింది.

క్యారీ_వాసు
ఇంతమంది ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. మొదటి ప్రశ్నకు రవళి గారు, నాయుడు గారు, ప్రియుడు గారు కలిసి సమాధానం ఇచ్చారు. రెండో దానిలో సంపత్ గారి వైపే నా మనసు మొగ్గుతోంది, అయితే సుజాత గారు రాసినది చదివాక ఎవరి పాతర అన్న ప్రశ్న లేకుండా దాన్ని అడగకూడదని తెలిసింది. మా అమ్మాయి తరగతిలో దీని మీద ఒక ప్రాజెక్టు చేయాలనుకుంటోంది. ఒక రోజులో చూడాలంటే ఏ వరుసలో వెళ్లడం మంచిది?

రాలీ_పద్మ
సైన్యం నడిచిన వరుసలోనే వెళ్లండి. ముందు డన్ ఊరి దగ్గర అవెరాస్‌బరో, అక్కడి నుంచి తూర్పుగా బెంటన్‌విల్, తిరుగు దారిలో డర్హమ్ వైపు బెనెట్ ఇల్లు. ఆ ప్రదర్శనశాలలు వారంలో కొన్ని రోజులు మూసి ఉంటాయి కాబట్టి ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి.

అట్లాంటా_సుజాత
ప్రాజెక్టులో ఫాయట్‌విల్ నుంచి విల్మింగ్టన్ దాకా నడిచిన ఆ జనం దారిని కూడా పటంలో గీయమని అమ్మాయికి చెప్పండి. కేప్ ఫియర్ నది గీత వెంట గీస్తే సరిపోతుంది.